తెల్లగా ఉండిపోతోంది, అక్షరాలు రావు, నొక్కితే పలకదు: ఒక కిరాణా పేజీ కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసు ఒడిశాలోని గజపతి జిల్లాది. ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఒక పట్టణంలో హోల్‌సేల్ కిరాణా వ్యాపారం చేసే షావుకారు గారిది. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. పేరు, ఊరు, ఆయన్ని గుర్తుపట్టగలిగే వివరాలు తీసేశాను. ఇటువైపు చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టి, వాటి బాగోగులు చూడడం నా పని.

ఆయన దగ్గర సరుకు కొనేవాళ్లు ఎక్కువగా గుమ్మ, సెరంగో వైపు కొండ ఊళ్లలో దుకాణాలు నడిపేవాళ్లు. పర్లాకిమిడి ప్రాంతం 1936లో ఒడిశాలో కలిసింది. అప్పటినుంచి ఇక్కడి తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మాట తెలుగే అయినా చదవడం ఒడియాలో సులువుగా వచ్చేవాళ్లు చాలామంది. అందుకే ధరల పేజీలో ప్రతి సరుకు పేరూ రెండు లిపుల్లో ఉండాలని షావుకారు గారు పట్టుబట్టారు. ఆయన అడిగింది సరైనదే. కానీ రెండు లిపుల ఫాంట్ల బరువు తర్వాత మా మీద పడింది.

పేజీ నేను మొదట కట్టింది కాదు. వేరేవాళ్లు కట్టి వెళ్లిపోయాక నా చేతికి వచ్చింది. ఒకే పొడవాటి పేజీ, అందులో సుమారు 1,100 సరుకులు. ప్రతి వరసలో పేరు, ధర, ప్లస్, మైనస్ గుర్తులు. ఎన్ని కావాలో నొక్కి, కింద "ఆర్డర్ పంపు" నొక్కితే షావుకారు గారి గుమస్తాకు చేరుతుంది.

సమస్య

షావుకారు గారు ఫోన్ చేసి అన్నది ఒకటే మాట: "సైట్ స్లోగా ఉందంట బాబూ. అందరూ మళ్లీ ఫోన్‌లోనే చెప్తున్నారు." దాంతోపాటు ఇంకో బాధ కూడా చెప్పారు. ఆర్డర్లు తప్పుగా వస్తున్నాయి. ఒక బస్తా కావాల్సిన చోట మూడు బస్తాలని పడుతోంది. పెసరపప్పు బదులు మినప్పప్పు వెళ్తోంది. సరుకు వ్యాన్‌లో వెనక్కి తిరిగొస్తోంది, డీజిల్ ఖర్చు దండగ. దుకాణాల వాళ్లకు ఫోన్ వాడడం రాకే ఇలా అవుతోందని ఆయన నమ్మారు. నేను కూడా అప్పుడు కాదనలేదు.

గుమస్తా ఒక మంచి పని చేశాడు. ఎవరు ఫోన్ చేసి ఏమన్నారో ఆ మాటల్లోనే ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టాడు. మొదటి రెండు వారాలు నేను ఆ పుస్తకం తెరవలేదు. "స్లో" అన్న ఒక్క మాట పట్టుకుని పని మొదలుపెట్టాను.

మొదట చేసినవి, ఫలించనివి

పేజీ మొత్తం బరువు చూస్తే 3 ఎంబీ పైనే ఉంది. అందులో సగానికి పైగా ఫొటోలు. వాటిని కుదించాను, బరువు సగానికి తగ్గింది. హోస్టింగ్ ప్లాన్ కూడా పెద్దది తీసుకున్నాం. మా ఆఫీసులో ఫైబర్ కనెక్షన్ మీద లాప్‌టాప్‌లో తెరిస్తే పేజీ చటుక్కున వచ్చింది. పని అయిపోయిందనుకున్నాను. వారం తర్వాత కూడా ఫిర్యాదులు అలాగే ఉన్నాయి.

అది ఎందుకు పనిచేయలేదో వివరంగా చెప్పాలి. ఎక్కువమంది ఇక్కడే డబ్బు, సమయం పోగొట్టుకుంటారు. పేజీ తెరపై కనిపించకుండా ఫొటోలు ఆపవు. పేజీ అసలు రాత అయిన హెచ్‌టీఎమ్‌ఎల్ చదువుతూ వెళ్లే బ్రౌజర్‌కు ఫొటో ట్యాగ్ ఎదురైతే, దాన్ని తెమ్మని పక్కకు పంపి తను ముందుకు సాగిపోతుంది. ఫొటో వచ్చాక ఆ చోట పెడుతుంది. పేజీని తెర మీద గీయడాన్ని ఆపేవి, దాని రూపురేఖలు చెప్పే సీఎస్‌ఎస్ ఫైళ్లు. చదవడాన్నే ఆపేవి మామూలు స్క్రిప్ట్ ట్యాగులు (స్క్రిప్ట్ అంటే పేజీ చేత పనులు చేయించే కోడ్). నేను దారికి అడ్డం లేని రాళ్లను తీశాను. సర్వర్ విషయమూ అంతే. అది అంతకుముందే త్వరగా జవాబిస్తోంది. ఎక్కడ ఆలస్యమవుతోందో కొలవకుండానే ఖర్చు పెట్టించాను.

అప్పుడు ఆ నోటుపుస్తకం తెరిచాను. మాటలు ఇలా ఉన్నాయి:

"తెల్లకాయితంలాగ ఉండిపోతంది."
"గీతలొస్తన్నాయి గానీ అక్షరాలు రావు."
"తోస్తే జరుగుతాది, నొక్కితే పలకదు."
"ఒకటి నొక్కితే ఇంకోటి పడతాది."

నేను వీటన్నిటినీ కలిపి "స్లో" అనుకున్నాను. నిజానికి ఇవి నాలుగు వేర్వేరు జబ్బులు. వాళ్లకు సాంకేతిక పదాలు తెలియకపోయినా, బ్రౌజర్ ఏ దశలో ఆగిందో ఒక్కో మాట కచ్చితంగా చూపిస్తోంది. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలోనే ఉండి జనం మాట్లాడే భాషకు విలువ ఉందని వాదించారు. ఆ పుస్తకం చదువుతుంటే ఆయన గుర్తొచ్చారు.

వ్యాన్ ఎక్కి వెళ్లాం

సంత రోజున సరుకు వ్యాన్‌లో ఒక కొండ ఊరికి వెళ్లాను. లాప్‌టాప్, ఒక యూఎస్‌బీ కేబుల్ తీసుకెళ్లాను. అక్కడ దుకాణం నడిపే ఒకావిడ దగ్గర 2 జీబీ ర్యామ్ ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది. ఆవిడ ఫోన్‌ను కేబుల్‌తో లాప్‌టాప్‌కు కలిపితే, ఆ ఫోన్‌లోని క్రోమ్ లోపల ఏం జరుగుతోందో నా తెర మీద మిల్లీసెకన్లతో సహా కనిపిస్తుంది. ఇందుకు డబ్బులేమీ పెట్టనక్కర్లేదు. ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్లు తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేస్తే చాలు. పని అయ్యాక దాన్ని మళ్లీ ఆఫ్ చేసి ఇవ్వాలి. లాప్‌టాప్‌లోనే ప్రాసెసర్ వేగం తగ్గించి చూసే సదుపాయం ఉన్నా, ఆ టవర్, ఆ ఫోన్, ఆ వేలు కలిసి ఎలా ఉంటాయో అది చూపించలేదు.

ఆవిడ పేజీ తెరిచారు. తెల్ల తెర. నేను గడియారం చూస్తున్నాను. ఆవిడ ఫోన్ పక్కన పెట్టి ఒక పిల్లాడికి బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి, చిల్లర లెక్కపెట్టి, తిరిగి చూశారు. అప్పటికీ తెలుపే. 11 సెకన్లు పట్టింది.

తెల్లకాయితం

ఒక అడ్రస్ తెరవగానే బ్రౌజర్ ముందు డీఎన్‌ఎస్‌ను అడిగి ఆ పేరు వెనకున్న నంబర్ తెలుసుకుంటుంది. తర్వాత సర్వర్‌తో టీసీపీ కనెక్షన్, ఆపైన భద్రత కోసం టీఎల్‌ఎస్ ఒప్పందం. కొత్త రకం టీఎల్‌ఎస్ 1.3 అయినా, ఈ మూడింటికీ కనీసం ఒక్కో రాకపోక (ఇటునుంచి అడగడం, అటునుంచి జవాబు రావడం) కావాలి. ఆ ఊళ్లో ఒక రాకపోకకు 350 మిల్లీసెకన్లకు పైనే పడుతోంది. అంటే అసలు పేజీ అడగకముందే సెకను దాటిపోతుంది. ఇది ఒక్క డొమైన్‌కు లెక్క. మా పేజీ ఆరు వేర్వేరు డొమైన్ల (వెబ్ చిరునామాల) నుంచి ఫైళ్లు తెచ్చుకుంటోంది: ఫాంట్లు ఒకచోటి నుంచి, బొమ్మలు జరిపే స్లైడర్ లైబ్రరీ (సిద్ధంగా దొరికే కోడ్) ఇంకోచోటి నుంచి, చాట్ డబ్బా మరోచోటి నుంచి. ప్రతి కొత్త డొమైన్‌కూ అదే తతంగం మళ్లీ మొదటినుంచి.

అసలు దోషి ఆ చాట్ డబ్బా. దాని స్క్రిప్ట్ పేజీ తలభాగంలోనే మామూలు ట్యాగ్‌గా ఉంది. అలాంటి స్క్రిప్ట్ కనిపిస్తే బ్రౌజర్ హెచ్‌టీఎమ్‌ఎల్ చదవడం ఆపేస్తుంది. ఎందుకంటే ఆ స్క్రిప్ట్ నడుస్తూ పేజీలోకి కొత్త రాత చొప్పించవచ్చు. అది తేలకుండా ముందుకు చదవడం తప్పవుతుంది. ఆ లోపు ముందున్న ఫైళ్లను వెతికి తెప్పించే పనిని ఒక స్కానర్ పక్కన చేస్తూనే ఉంటుంది. కానీ పేజీ నిర్మాణం మాత్రం కదలదు. ఆ టవర్ మీద చాట్ కంపెనీ సర్వర్ జవాబు ఎన్నో సెకన్లు రాలేదు. 1,100 సరుకుల జాబితా అప్పటికే ఫోన్‌లోకి చేరింది. అయినా చూపించడానికి లేదు.

ఆ చాట్‌ను ఎవరైనా వాడుతున్నారా అని షావుకారు గారిని అడిగాను. అలాంటిది ఒకటి ఉందన్న సంగతే ఆయనకు తెలియదు. తీసేశాం. స్లైడర్‌నూ తీసేశాం.

మిగిలిన సొంత స్క్రిప్టుల దగ్గర ఒక పొరపాటు చేశాను. చదవడం ఆగకుండా ఉండాలని అన్నిటికీ "ఎసింక్" పెట్టాను. ఆఫీసులో బాగానే నడిచింది. కొండ మీద కొన్నిసార్లు మొత్తం ధర రాలేదు, కొన్నిసార్లు వచ్చింది. కారణం ఆలోచిస్తే తేలికే. ఎసింక్ అంటే ఏది ముందు వస్తే అది ముందు నడుస్తుంది. మా లెక్కల స్క్రిప్ట్ ఒక లైబ్రరీ మీద ఆధారపడింది. నెట్ బాగుంటే లైబ్రరీ ముందు వస్తుంది. నెట్ మందంగా ఉంటే వరస తారుమారవుతుంది. "డిఫర్" పెడితే స్క్రిప్టులు పక్కన దిగుమతి అవుతూ, పేజీ మొత్తం చదివాక, రాసిన వరసలోనే నడుస్తాయి. మాకు కావాల్సింది అదే. అప్పుడప్పుడు మాత్రమే కనిపించే తప్పు ఎప్పుడూ కనిపించే తప్పుకన్నా ప్రమాదం. ఈ తప్పు ఒక వారం ఫీల్డ్‌లో ఉండిపోయింది.

పై భాగానికి కావాల్సిన కొద్దిపాటి సీఎస్‌ఎస్‌ను హెచ్‌టీఎమ్‌ఎల్‌లోనే పెట్టాం. టీసీపీ మొదటి విడతలో సాధారణంగా 14 కేబీ దాకానే పంపుతుంది. తలభాగం, మొదటి కొన్ని వరసలు ఆ లోపల ఇమిడేలా సర్దాను. అలా చేస్తే మొదటి రాకపోకలోనే చూపించడానికి కొంత చేతికి వస్తుంది.

గీతలొస్తున్నాయి, అక్షరాలు రావు

పేజీకి ప్రత్యేకమైన తెలుగు ఫాంటు, ఒడియా ఫాంటు పెట్టారు. బ్రౌజర్ ఫాంట్‌ను ముందే తెచ్చుకోదు. హెచ్‌టీఎమ్‌ఎల్ నుంచి డామ్ అనే చెట్టులాంటి అమరిక కట్టి, సీఎస్‌ఎస్ నియమాలు దానికి తగిలించాక, "ఈ అక్షరానికి ఈ ఫాంటు కావాలి" అని తెలిసిన తర్వాతే అడుగుతుంది. అంటే ఫాంటు ఎప్పుడూ ఆలస్యంగా బయలుదేరే ప్రయాణికుడు. అది వచ్చేలోగా క్రోమ్ సుమారు 3 సెకన్లు అక్షరాలను కనిపించకుండా దాస్తుంది. డబ్బాల అంచులు, గీతలు మాత్రం కనిపిస్తాయి. ఆ తర్వాత ఫోన్‌లో ఉన్న ఫాంట్‌తో చూపిస్తుంది. అసలు ఫాంటు వచ్చాక మళ్లీ మారుస్తుంది. గుమస్తా రాసిన రెండో మాట ఈ 3 సెకన్లదే.

ఫాంట్లను తగ్గించి చూద్దామని ఒక ఆన్‌లైన్ టూల్‌తో కత్తిరించాను. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించింది 128 స్థానాలే కదా, ఆ అక్షరాలు ఉంచి మిగతావి తీస్తే చాలనుకున్నాను. ఇంగ్లీషు ఫాంట్‌కు ఆ లెక్క సరిపోతుంది. తెలుగుకు సరిపోదు. "పప్పు" అన్న మాటలో యూనికోడ్ గుర్తులు ఐదు: ప, ప, పొల్లు, ప, ఉకారం. పొల్లునూ దాని తర్వాతి "ప" అక్షరాన్నీ కలిపి ఒత్తుగా కింద పెట్టాలన్న నియమం ఫాంట్ లోపల పట్టికలో ఉంటుంది. క్రోమ్‌లో హార్ఫ్‌బజ్ అనే భాగం ఆ పట్టిక చదివి అక్షరాన్ని మలుస్తుంది. ఆ టూల్ పట్టికనూ, ఒత్తుల ఆకారాలనూ కత్తిరించేసింది. తెరిచి చూస్తే పప్పుల్లో, ఉప్పులో, సబ్బుల్లో ఒత్తులన్నీ విడిపోయి పొల్లులు బయటకు వచ్చాయి. చూడగానే మనసు చివుక్కుమంది. ఒక పూటలోనే వెనక్కి తీసుకున్నాను.

ఆ తర్వాత రెండు దారులు మిగిలాయి. పట్టికలు చెడకుండా జాగ్రత్తగా కత్తిరించడం ఒకటి. ఆ ఫాంట్లే మానేయడం ఇంకొకటి. ఆవిడ ఫోన్‌లో తెలుగు, ఒడియా ఫాంట్లు ముందే ఉన్నాయి. రోజూ వాట్సాప్ మెసేజ్‌లు వాటిలోనే చదువుతున్నారు. అవి వాడితే దిగుమతి సున్నా. షావుకారు గారికి మాత్రం బిల్లు పుస్తకం మీద ఉన్నలాంటి అక్షరాలే కావాలి. ఆయనకు రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి చూపించాను. ఒకదాంట్లో అందమైన ఫాంటు, ఖాళీ గీతలు. రెండోదాంట్లో మామూలు ఫాంటు, కనిపిస్తున్న ధరలు. ఆయన ఇక మాట్లాడలేదు. పైన దుకాణం పేరు ఒక్కటీ చిన్న బొమ్మగా పాత అక్షరాల్లోనే ఉంచాం. జాబితా అంతా ఫోన్ సొంత ఫాంట్.

తోస్తే జరుగుతుంది, నొక్కితే పలకదు

ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఈ ఒక్క వాక్యం. పేజీ బిగుసుకుపోతే వేలితో తోసినా జరగకూడదు కదా? ఎందుకు జరుగుతోంది?

బ్రౌజర్ ట్యాబ్ లోపల పని ఒకే చేతి మీద నడవదు. జావాస్క్రిప్ట్ నడపడం, ఏ డబ్బా ఎక్కడ ఎంత వెడల్పులో ఉండాలో లెక్కకట్టే లేఅవుట్, ఏం గీయాలో తేల్చే పెయింట్, ఇవన్నీ మెయిన్ థ్రెడ్ అనే ఒకే వరసలో జరుగుతాయి. గీసి సిద్ధంగా ఉన్న పలకలను పైకీ కిందకీ జరిపే పనిని కంపోజిటర్ అనే వేరే థ్రెడ్ చూస్తుంది. అందుకే మెయిన్ థ్రెడ్ ఊపిరాడకుండా ఉన్నా తోస్తే పేజీ జరుగుతుంది. నొక్కడానికి జవాబివ్వాల్సింది మాత్రం మెయిన్ థ్రెడే. ఆ మాట దోషాన్ని నేరుగా మెయిన్ థ్రెడ్ మీద చూపించింది. నెట్ తప్పు లేదు, సర్వర్ తప్పు లేదు.

రికార్డింగ్‌లో చూస్తే ప్లస్ ఒక్కసారి నొక్కితే 1.4 సెకన్లు మెయిన్ థ్రెడ్ ఖాళీ లేదు. అదే నొక్కు నా లాప్‌టాప్‌లో 90 మిల్లీసెకన్లు. స్క్రిప్ట్ చదివితే, ప్రతి నొక్కుకూ 1,100 వరసల మీద ఒక లూప్ నడుస్తోంది. ఒక వరస ఎత్తు కొలవడం, దాన్ని మార్చడం, తర్వాతి వరస ఎత్తు కొలవడం, మార్చడం. మామూలుగా బ్రౌజర్ మార్పులన్నీ పోగుచేసుకుని లేఅవుట్ ఒకసారి లెక్కకడుతుంది. కానీ మార్చిన వెంటనే ఎత్తు అడిగితే, సరైన జవాబు చెప్పడానికి అక్కడికక్కడే లేఅవుట్ చేయక తప్పదు. ఒక్క నొక్కుకు వెయ్యికి పైగా లేఅవుట్లు.

మూడు బస్తాల గుట్టు కూడా ఇక్కడే ఉంది. ఆవిడ ప్లస్ నొక్కుతారు. ఏమీ మారదు. నొక్కు తగల్లేదేమో అని మళ్లీ నొక్కుతారు, ఇంకోసారి నొక్కుతారు. బ్రౌజర్ ఆ నొక్కులను పారేయదు, వరసలో దాచుకుంటుంది. మెయిన్ థ్రెడ్ ఖాళీ అయ్యాక మూడూ ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. ఆవిడ అప్పటికి తర్వాతి సరుకుకు వెళ్లిపోయి ఉంటారు. ఆవిడ తప్పేమీ లేదు. ఈ సంగతి షావుకారు గారికి ఆ సాయంత్రమే చెప్పాను, వెనక్కి వచ్చిన సరుకు రవాణా ఖర్చు వాళ్ల ఖాతాల్లో రాసి ఉంటే కొట్టేయమని కూడా అడిగాను. కొట్టేశారు.

దీనికి చేసింది: నొక్కిన వరసను మాత్రమే మార్చడం, కొలతలన్నీ ముందు తీసుకుని మార్పులన్నీ తర్వాత చేయడం, అంకె మారినట్టు తెరపై వెంటనే చూపించి మొత్తం లెక్కను ఆ తర్వాతి క్షణానికి వాయిదా వేయడం. జాబితాను పేజీలుగా విడగొట్టమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. నేను ఒప్పుకోలేదు. దుకాణాల వాళ్లు పప్పులు, నూనెలు, సబ్బులు అనే వరసలో వేలు జరుపుకుంటూ గుర్తు తెచ్చుకుంటారు. ఆ అలవాటును చెడగొట్టకూడదు. "కంటెంట్ విజిబిలిటీ" అనే సీఎస్‌ఎస్ నియమం పెట్టి, తెర బయట ఉన్న విభాగాల లేఅవుట్, పెయింట్ పనిని బ్రౌజర్ వాయిదా వేసేలా చేశాను. ఆ నియమం పెట్టినప్పుడు ఒక్కో విభాగానికి సుమారు ఎత్తు కూడా చెప్పాలి. లేకపోతే స్క్రోల్ గెంతుతుంది.

ఒకటి నొక్కితే ఇంకోటి పడుతుంది

దీనికి కారణాలు రెండే, రెండూ పైన చెప్పినవాటి చుట్టాలే. ఫాంటు మారినప్పుడు వరసల ఎత్తు మారేది. పైన పండగ ఆఫర్ బొమ్మ ఆలస్యంగా వచ్చి జాబితా మొత్తాన్ని కిందకు తోసేది. వేలు దిగేలోగా పెసరపప్పు చోటికి దాని పైనున్న మినప్పప్పు దిగేది. ఫాంటు మానేయడంతో మొదటిది పోయింది. బొమ్మ ట్యాగ్‌లో వెడల్పు, ఎత్తు రాస్తే, అది రాకముందే బ్రౌజర్ దాని చోటు వదిలిపెడుతుంది. రెండు అంకెలు రాస్తే తీరిపోయే సమస్యకు వ్యాన్ ఎన్నిసార్లు కొండ ఎక్కిదిగిందో.

తర్వాత

అదే ఊరు, అదే ఫోన్, ఇంకో సంత రోజు. ధరలు రెండున్నర సెకన్లలోపే కనిపించాయి. ప్లస్ నొక్కితే 200 మిల్లీసెకన్లలోపే అంకె మారింది. నొక్కుకు జవాబు ఈ 200 లోపల ఉండాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత కూడా. నేను దానికోసం చూడలేదు. ఆవిడ రెండోసారి నొక్కుతారా లేదా అని చూశాను. నొక్కలేదు. ఆ తర్వాతి నెలల్లో ఫోన్ ఆర్డర్లు తగ్గి, పేజీ ఆర్డర్లు పెరిగాయి.

గుమస్తా పుస్తకంలో కొత్త మాట ఒకటి వచ్చింది: "వాట్సాప్ చూసొచ్చేసరికి రాసిందంతా పోనాది." క్రోమ్ ట్యాబులను వేర్వేరు ప్రాసెస్‌లుగా నడుపుతుంది. ర్యామ్ తక్కువైనప్పుడు కనిపించని ట్యాబ్ ప్రాసెస్‌ను ఆండ్రాయిడ్ చంపేస్తుంది. తిరిగి వస్తే పేజీ మొదటినుంచి లోడ్ అవుతుంది, నొక్కిన అంకెలు ఉండవు. ప్రతి నొక్కుకూ ఆర్డర్‌ను ఫోన్‌లోనే లోకల్ స్టోరేజ్‌లో దాచేలా చేశాను. అది కూడా మెయిన్ థ్రెడ్ మీదే జరిగే పని. మార్చిన సరుకుల పట్టీ చిన్నదే కాబట్టి భయం లేదనుకుని, మళ్లీ ఆ ఫోన్‌లోనే కొలిచి ఖాయం చేసుకున్నాను.

సిగ్నల్ అసలే లేని ఊళ్ల కోసం సర్వీస్ వర్కర్ (నెట్ లేకపోయినా పేజీని అందించే స్క్రిప్ట్) పెట్టి పేజీ చట్రాన్ని ఫోన్‌లో ఉంచాం. ధరలను కూడా ఉంచాలా అన్నదాని మీద షావుకారు గారూ నేనూ చాలాసేపు మాట్లాడుకున్నాం. పాత ధరను నేటి ధర అనుకుని ఎవరైనా ఆర్డర్ పెడితే గొడవ ఆ దుకాణందారుకే. చివరికి ధరలు దాచి, పైన పెద్ద అక్షరాల్లో "ఈ ధరలు ఫలానా తేదీవి" అని చూపిస్తున్నాం. తేదీ పాతదైతే సరుకు పంపేముందు గుమస్తా ఫోన్ చేసి ఖాయం చేసుకుంటాడు. లోయలో ఉన్న ఒక ఊరికి మాత్రం ఆ ఫోన్ కాల్ కూడా అందదు. వాళ్ల ఆర్డర్ ఇప్పటికీ వ్యాన్ డ్రైవర్ చేతిలో కాగితం మీదే వస్తోంది. పుస్తకంలో ఆ ఊరి పేరు పక్కన గుమస్తా ఇంకా టిక్ పెట్టలేదు.